శ్రద్ధ నేర్పుట ఎవరి పని?

మన పాఠశాలలలో దినమునకు ఎక్కువ పర్యాయములు వినవచ్చు మాట యేదియో ఎవరైనను లెక్కగట్టినచో, అది ఏ పాఠమునకు సంబంధించిన మాటయు కాకపోవచ్చును. “శ్రద్ధగా వినండి” అను మాటయే బహుశః మొదటి స్థానము నాక్రమించును. తెలుగు చెప్పువారును, గణితము చెప్పువారును, సాంఘికశాస్త్రము చెప్పువారును ఈ మాట అనక గంట ముగించుట అరుదు. మార్కుల పట్టికపై సంతకము చేయవచ్చిన తండ్రికి ఉపాధ్యాయుడు చెప్పు మాటయు తరచుగా ఒక్కటే: “మీవాడు తెలివిగలవాడే కాని, ఏకాగ్రత లేదండీ.” తండ్రి ఆ మాటను ఇంటికి గొనిపోయి కొడుకునకు అప్పగించును. కొడుకు దానిని ఎవరికి అప్పగించవలెనో తెలియక తానే మోయుచుండును.

ఇందొక విచిత్రము కలదు. తెలుగునకు వాచకము కలదు; గణితమునకు అభ్యాసములు కలవు; ఆటలకు సైతము ఒక గంట కలదు. ఇన్నింటికిని మూలధనమైన శ్రద్ధకు మాత్రము వాచకము లేదు, గంట లేదు, నేర్పువాడు లేడు. అడుగువారు మాత్రము అందరును. ఈత నేర్పకయే పిల్లవానిని ఏటియొడ్డున నిలిపి “బాగుగా ఈదుము” అని ఆజ్ఞాపించుటకును దీనికిని భేదమెంత? ఏకాగ్రత పుట్టుకతో వచ్చు వరమని మనము లోలోపల నమ్ముచుండుటయే ఇందులకు కారణమని తోచుచున్నది. అది వరము కాదనియు, దినదినము చేయు చిన్న అలవాట్లచే కుదురు విద్య యనియు, ఆ విద్యను నేర్పు బాధ్యత ఇంటికంటె బడికే ఎక్కువ యనియు నా అభిప్రాయము.

ముందుగా ఏకాగ్రత యననేమో తేల్చుకొనవలెను. గాలి లేని తావున కదలక నిలిచిన దీపముతో యోగి చిత్తమును పోల్చుట భగవద్గీత ఆరవ అధ్యాయమున కలదు. మనము ఆ దీపమును మాత్రము గుర్తుంచుకొని, మన పిల్లల మనస్సులు నలుబది నిమిషములపాటు అట్లే నిలువవలెనని కోరుచున్నాము. కాని అదే అధ్యాయమున అర్జునుడు, మనస్సును నిగ్రహించుట గాలిని పట్టి నిలుపుటవలె దుష్కరమని మొరపెట్టుకొనెను. శ్రీకృష్ణుడు ఆ మాటను కాదనలేదు. శిష్యుని మందలింపను లేదు. అభ్యాసముచేతను వైరాగ్యముచేతను అది వశమగునని మాత్రము చెప్పెను. గురువు మొదట శిష్యుని కష్టమును ఒప్పుకొని, పిదప ఉపాయము చెప్పుట ఇచట గమనింపదగిన సంగతి.

అమెరికా దేశపు మనస్తత్వశాస్త్రజ్ఞుడు విలియం జేమ్స్ 1890 లో ప్రకటించిన తన మహాగ్రంథములో ఇంచుమించు ఈ విషయమునే మరొక త్రోవను వచ్చి తెలిపెను. ప్రయత్నపూర్వకమైన శ్రద్ధ ఏకబిగిని కొన్ని క్షణములకు మించి నిలువదనియు, మనము దీర్ఘమైన శ్రద్ధ యనుకొనునది, జారిపోయిన మనస్సును మరల మరల విషయమునకు తెచ్చు ప్రయత్నముల వరుసయే యనియు ఆయన వివరించెను. ఈ తిరిగి తెచ్చు శక్తిని పెంపొందించు విద్యయే ఉత్తమ విద్య యని కూడ ఆయన భావించెను. అయితే అట్టి విద్యను ఈ విధముగా నేర్పుడని చెప్పుట కష్టమని కూడ ఒప్పుకొనెను.

కావున మనస్సు చెదరుట దోషము కాదు. అది దాని స్వభావము. హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన కిలింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అను ఇరువురు పరిశోధకులు 2,250 మంది వయోజనులను, వారు ఏదో యొక పనిలోనున్న సమయమున ఫోను మూలమున పలుకరించి, అప్పుడు వారి మనస్సు ఎచట నున్నదో అడిగి తెలిసికొని, ఆ ఫలితములను 2010 లో ప్రకటించిరి. నూటికి ఇంచుమించు 47 పర్యాయములు వారి మనస్సు చేయుచున్న పనియందు లేదు. పెద్దల సంగతియే ఇట్లుండగా, కిటికీవైపు చూచిన పిల్లవానిని అపరాధివలె నిలబెట్టుట న్యాయమా? చెదరుటకు కాదు, తిరిగి వచ్చుటకు మనము వెల గట్టవలెను. ఏకాగ్రత యనగా తిరిగి వచ్చుట. ఎంత త్వరగా తిరిగి వచ్చుచున్నాడు, ఎంత తక్కువ శ్రమతో తిరిగి వచ్చుచున్నాడు అనునవే దాని కొలతలు.

ఈ మాటకు దృష్టాంతము కొరకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. అవధానవిద్య మన కన్నుల యెదుటనే యున్నది. అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులు అవధానిని చుట్టుకొని కూర్చుందురు. ఒకరు సమస్య నిత్తురు; ఒకరు నాలుగు పదము లిచ్చి వానితో పద్యము చెప్పుమందురు; ఒకరు అడుగడుగున అక్షరమును నిషేధింతురు; ఒకరు వర్ణన కోరుదురు. అవధాని ఒకరికి ఒక పాదము చెప్పి, రెండవవారికడకు పోయి, అట్లే అందరిని చుట్టివచ్చి, మొదటివారి పద్యమును విడిచిన చోటనుండియే మరల అందుకొనును. నడుమ నొకరు తమ యిష్టము వచ్చినప్పుడు గంట మ్రోగింతురు. ఎన్ని మ్రోతలైనవో చివర చెప్పవలెను. ఇవి చాలవన్నట్లు అప్రస్తుత ప్రసంగి యొకరుందురు. అవధాని తలపులను చెదరగొట్టుటయే ఆయనకు ఒప్పగింపబడిన పని! కడపట అవధాని పద్యములన్నింటిని వరుసగా అప్పగించును. దానినే ధారణ యందురు.

ఈ విద్యను నిర్మించిన మన పెద్దలు ఏకాగ్రతకు నిశ్శబ్దమైన గదిని కోరలేదు. ఆటంకమును విద్యలో ఒక భాగముగా చేసి, దానికొక పీట వేసి కూర్చుండబెట్టిరి. అవధాని గొప్పతనము చెదరకుండుటలో లేదు. అప్రస్తుత ప్రసంగికి చమత్కారముగా సమాధానము చెప్పి, సభను నవ్వించి, తానును నవ్వి, మరుక్షణమున మూడవవారి పద్యములోని రెండవ పాదమునకు తిరిగి వచ్చుటలో ఉన్నది.

దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారలు జంటగా ఊరూర తిరిగి, సంస్థానములలోను సభలలోను అవధానములు చేసి, ఈ విద్యకు లోకమున అపారమైన ఆదరము కలిగించిరి. అట్టివారిని చూచి “దైవదత్తము” అని చేతులు జోడించి ఊరకుండుట మనకు సులభము. ప్రతిభ లేదని నేననుట లేదు. కాని పద్యపు నడక చెవిలో నిలిచిపోవు వరకు చదివిన చదువు, వందల పద్యములు నోటికి వచ్చు వరకు చేసిన వల్లె, ఇవి లేని ప్రతిభ ఆ సభలో నిలువజాలదు. ఛందస్సు కొరకు తడుముకొనువానికి భావము కొరకు తీరిక యుండదు. గణములు అలవాటై పోయినప్పుడే బుద్ధి భావము మీదికి పోగలదు. అలవాటు చేయు మేలు ఇదియే. అది చిన్న పనులను తాను మోసి, మనస్సును పెద్ద పనికి విడిచిపెట్టును. ఎక్కములు రాని బాలుడు లెక్కలో ఏకాగ్రత లేక తప్పుచున్నాడని మన మనుకొందుము. వాస్తవమున వాని శ్రద్ధ యంతయు ఏడెనిమిదులు ఎంత యనుచోటనే ఖర్చయిపోవుచున్నది.

వెనుకటి బడులలో ఎక్కములు, చూచివ్రాత, ఉక్తలేఖనము, పద్యములు అప్పగించుట అను నాలుగు పనులు నిత్యము జరుగుచుండెడివి. అర్థము తెలియని వల్లెవేతను మన విద్యావేత్తలు ఖండించిరి, ఖండించుట న్యాయమే. కాని ఆ ఖండనలో మనకొక నష్టము వాటిల్లెను. ఆ పనులు జ్ఞానమును ఇచ్చినను ఇవ్వకున్నను, మనస్సును ఒక చోట నిలుపు వ్యాయామముగా పనిచేయుచుండెడివి. ఒకే యొక్కసారి చదువబడు వాక్యమును విని, మనస్సున నిలుపుకొని, తప్పు లేక వ్రాయుటకంటె మంచి శ్రద్ధాభ్యాసమేది? మనము వానిని తీసివైచి, వాని స్థానమున మరొక వ్యాయామమును పెట్టలేదు.

ఇట్లనుటచే నేను బెత్తమును, కోదండమును మరల పిలుచుచున్నానని ఎవరును భావింపకుందురు గాక. భయము వేరు, శ్రద్ధ వేరు. బెత్తము చూచి బిగిసి కూర్చున్న బాలుని శ్రద్ధ బెత్తము మీదనే యుండును, పాఠము మీద నుండదు. నిశ్శబ్దముగా నున్న తరగతి యంతయు శ్రద్ధగా నున్న తరగతి కాదని ప్రతి యుపాధ్యాయునికిని తెలియును.

నేటి తప్పు మరియొక దిక్కుననున్నది. కొన్ని కళాశాలలలోను, వసతి గృహములలోను తెల్లవారుజామున మొదలై రాత్రి పదిగంటల వరకు సాగు చదువును చూచి తల్లిదండ్రులు సంతోషించుచున్నారు. పుస్తకము ముందు కూర్చున్న గంటలను లెక్కించి, అదియే చదువు అని భ్రమపడుచున్నారు. కూర్చుండుట శరీరము పని. చదువుట మనస్సు పని. పదునాలుగు గంటలు కూర్చుండి, అందు పది గంటలు చెదరిన మనస్సుతో గడుపు విద్యార్థి ప్రతిదినము నేర్చుకొనుచున్నది ఏమి? పుస్తకమును కన్నులయెదుట నుంచుకొని మరొకటి తలపోయుటను అతడు పది గంటలపాటు అభ్యసించుచున్నాడు. ఏ పనిని నిత్యము చేయుదుమో అదే మనకు అలవాటగును. అలవాటునకు మంచి చెడ్డలు తెలియవు.

పైగా ఆ గంటలు నిద్రనుండి దొంగిలించినవి. పదమూడు మొదలు పదునెనిమిది ఏండ్ల వారికి దినమునకు 8 మొదలు 10 గంటల నిద్ర అవసరమని అమెరికాలోని నిద్రావైద్యుల సంస్థ 2016 లో ప్రకటించినది. నిద్ర చాలని మనస్సును ఏకాగ్రము కమ్మనుట, నూనె లేని దీపమును వెలుగుమనుటయే.

చదువు తీరును గురించియు ఒక మాట చెప్పవలసియున్నది. రోడిగర్, కార్పికీ అను అమెరికా పరిశోధకులు 2006 లో ఒక పరీక్షను ప్రకటించిరి. కొందరు విద్యార్థులు ఒక పాఠమును మరల మరల చదివిరి. మరికొందరు చదివిన పిదప పుస్తకము మూసి, గుర్తున్నంత వరకు వ్రాసిరి. ఐదు నిమిషములకు పరీక్షింపగా మరల మరల చదివినవారే మేలుగా నుండిరి. వారము దినములకు పరీక్షింపగా పుస్తకము మూసి వ్రాసినవారే మేలైరి. దీనికి ఏకాగ్రతతో సంబంధము లేకపోలేదు. తెరచిన పుస్తకము ముందు మనస్సు ఎచటికి పోయినను కన్నులు పంక్తులపై నడచుచునే యుండును. మూసిన పుస్తకము ముందు అట్టి మోసము సాగదు. మనస్సు పనిచేసిననే కలము కదలును.

ఇక చేతిఫోను సంగతి. దానిని నిందించు వ్యాసములు దినమున కొకటి వచ్చుచునే యున్నవి. వానిని మనము ఆ ఫోనులోనే చదువుచున్నాము. కావున నిందను విడిచి నిజమును చూతము. 2017 లో అమెరికా పరిశోధకులు కొందరు, ఫోనును బల్లమీద నుంచుకొని పనిచేసినవారికంటె వేరొక గదిలో నుంచి వచ్చినవారు బుద్ధికి పెట్టిన పరీక్షలలో మేలుగా నుండిరని తెలిపిరి; ఆ ఫోనులు మ్రోగనే లేదు. తరువాత ఇతరులు చేసిన పరీక్షలన్నింటను ఇదే ఫలితము రాలేదు గాని, వేరొక గదిలో పెట్టుటవలన నష్టమేమియు లేదు కదా! సోఫీ లెరోయ్ అను పరిశోధకురాలు 2009 లో మరొక సంగతి చూపినది. ముగియని పనిని విడిచి రెండవదానికి పోయినవారి శ్రద్ధలో కొంత భాగము మొదటిదానియందే నిలిచిపోవునట. ఒక్క నిమిషము ఫోను చూచి వత్తునన్న విద్యార్థి, నిమిషము తరువాత శరీరముతో వచ్చును. మనస్సు మరికొంత సేపటికిగాని రాదు.

అట్లయిన ఏమి చేయవలెను? పెద్ద వ్రతములు వలదు. సంక్రాంతినాడు మొదలుపెట్టి రథసప్తమికి విడిచిపెట్టు ఆరంభశూరత్వము మనకు కొత్త కాదు. చిన్నదైనను నిత్యమైనది కావలెను.

విద్యార్థి దినమున కొక వేళను, ఒక తావును నిర్ణయించుకొనవలెను. ఇంట ప్రత్యేకమైన గది లేకున్న చింత లేదు. అరుగు మీద ఒక మూల, ఒక చాప చాలును. అదే వేళకు అదే చాప మీద కూర్చుండుట అలవాటైన పిదప, చదువుదమా వలదా యను తర్జనభర్జనకు శక్తి ఖర్చుగాదు. మొదటి వారము పది నిమిషములే చదువవలెను. కాని ఆ పది నిమిషములు మరొక పని కూడదు. అది సులభమైన పిదప పదునైదు, ఇరువది. ప్రక్కన ఒక కాగితము నుంచుకొనవలెను. నడుమ ఏ తలపు వచ్చినను, రేపు తేవలసిన వస్తువైనను, స్నేహితునితో చెప్పవలసిన మాటయైనను, దానిపై రెండు మాటలలో వ్రాసి పాఠమునకు తిరిగి రావలెను. ఆ కాగితము అప్రస్తుత ప్రసంగికి వేసిన పీట వంటిది. చివర పుస్తకము మూసి, చదివిన దానిని ఐదు వాక్యములలో చూడక వ్రాయవలెను. పిదప లేచి ఆటకు పోవలెను.

ఇది ఎన్నాళ్ళకు అలవాటగును? లండనులో ఫిలిప్పా లాలీ బృందమువారు 96 మందిపై జరిపి 2010 లో ప్రకటించిన పరిశోధనలో, ఒక చిన్న పని అప్రయత్నముగా జరుగు స్థితికి వచ్చుటకు నడిమి లెక్కను 66 దినములు పట్టినది. కొందరికి 18 దినములే చాలగా, కొందరికి 254 దినములు పట్టునని లెక్కకు వచ్చినది. నడుమ ఒకనాడు తప్పిపోయినంత మాత్రమున పెద్ద నష్టము లేదని కూడ తేలినది. విద్యార్థులారా, ఈ కడపటి మాటను మీరు మరువకుడు. ఒకనాడు తప్పినంతమాత్రమున వ్రతభంగమైనదని పుస్తకము కట్టిపెట్టనక్కరలేదు. మరునాడు తిరిగి వచ్చుటయే విద్య.

ఉపాధ్యాయులకు నేను చేయు మనవి ఇంకను చిన్నది. ప్రతి తరగతిలో మొదటి ఐదు నిమిషములను శ్రద్ధాభ్యాసమునకు ఇచ్చి చూడుడు. పాఠములోని మూడు వాక్యములను ఒక్కొక్కసారి మాత్రమే చదివి వ్రాయింపుడు. లేదా నిన్నటి పాఠమును పుస్తకము మూసి మూడు వాక్యములలో వ్రాయుమనుడు. దానికి మార్కులు వేయకుడు. చెప్పిన మాటనే నాలుగుసార్లు చెప్పు అలవాటును మానుడు. నాలుగవసారి వినిన చాలునని పిల్లలు నేర్చుకొందురు. అధికారులకు కూడ ఒక మనవి కలదు. పాఠము నడుమ వచ్చు ఉత్తర్వుల పుస్తకము, సంతకములు, ఫోనులో వెంటనే పంపవలసిన లెక్కలు, ఇవన్నియు తరగతి దారమును తెంపుచున్నవి. ఉపాధ్యాయుని శ్రద్ధను గంటకు నాలుగు పర్యాయములు తెంపి, విద్యార్థుల శ్రద్ధ చెదరుచున్నదని విచారించుట తగదు.

ఈ మాటలకు ఒక ఆక్షేపణ రాగలదు. ఒక్క గదిలో ఆరుగురు కాపురముండి, టెలివిజను మ్రోతలో, చెల్లెలిని ఎత్తుకొని చదువుకొను బాలికకు వేళ యేది, తావేది? ఈ ప్రశ్న న్యాయమైనది. ఆకలిగొన్న బిడ్డకు ఏకాగ్రతను గూర్చి ఉపన్యసించుట క్రూరము. బడిలో మధ్యాహ్న భోజనము పెట్టుట కూడ ఒక విధముగా శ్రద్ధను నేర్పుటయే. కొందరు పిల్లలకు శ్రద్ధ నిలువకపోవుట వైద్యుడు చూడవలసిన సంగతి. వారిని సోమరులనుట పాపము. మిగిలిన వారి విషయమున ఆ ఆక్షేపణ నా వాదమును బలపరచునే కాని ఖండింపదు. కలవారి బిడ్డకు ఇంట గది కలదు, దీపము కలదు, కనిపెట్టి చూచువారు కలరు. లేనివారి బిడ్డకు దినములో ప్రశాంతముగా లభించు గంట ఏదైన నున్నచో అది బడిలోనే లభింపవలెను. ఆ గంటను బడి ఇవ్వనిచో మరెవ్వరును ఇవ్వరు. శ్రద్ధను ఇంట నేర్చుకొని రమ్మనుట, నేర్చుకొను వీలున్నవారికే చదువు అని చెప్పుటతో సమానము.

కావున శీర్షికలోని ప్రశ్నకు నా సమాధానమిది. శ్రద్ధ నేర్పుట ప్రతి యుపాధ్యాయుని పని. భాష నేర్పువారిది మాత్రమే కాదు, లెక్కలు నేర్పువారిది మాత్రమే కాదు. అందుకు కొత్త వాచకము అక్కరలేదు, కొత్త నిధులు అక్కరలేదు. దినమునకు ఐదు నిమిషములు, ఒక కాగితము, కొంత ఓర్పు కావలెను. “శ్రద్ధగా విను” అను ఆజ్ఞను కొంతకాలము ప్రక్కనుంచి, కిటికీవైపు చూచుచున్న పిల్లవానితో “ఎక్కడ విడిచితివో అక్కడికి రా నాయనా” అని చెప్పి చూడుడు. మొదటి మాట వానికి వాని తప్పును మాత్రము తెలుపును. రెండవది త్రోవను చూపును.